దొమ్మేటి సూరన్న తప్పు పంపకం

పీచు ఫ్యాక్టరీలో మనిషి వెనక్కి నడిస్తేనే పని ముందుకి సాగుతుంది. కాలవ గట్టు మీద పుట్టిన ప్రతి వాడికీ ఈ సంగతి పళ్ళు రాకముందే తెలుసు. కొబ్బరి పీచు కట్ట చంకలో పెట్టుకుని, కొస లాగి రాట్నం కొక్కేనికి తగిలించి, రాట్నం తిరుగుతుంటే రెండు చేతులా పీచు అందిస్తూ వెనక్కి, ఇంకా వెనక్కి, షెడ్డు ఆ చివరిదాకా పోవాలి. పురి పడుతూ ఉంటుంది, తాడు పెరుగుతూ ఉంటుంది, మనిషి దూరమైపోతూ ఉంటాడు.

దొమ్మేటి సూరన్న తన బతుకులో ముందుకి నడిచింది తక్కువ, వెనక్కి నడిచింది ఎక్కువ. వెనక్కి నడుస్తూనే బీడీ ముట్టించేవాడు, వెనక్కి నడుస్తూనే తగువులు తీర్చేవాడు. వెనక్కి నడుస్తూ కునుకు కూడా తీసేవాడనీ, గోడ ఇంకా జానెడు దూరం ఉందనగా కళ్ళు తెరిచి ఆగేవాడనీ చెప్పుకుంటారు. ఆయనొస్తుంటే గోడే కాస్త అవతలికి జరిగేదని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు గానీ, అది మరీ అతి.

షెడ్డులో ఒక్కొక్కరికీ ఒక్కో నడవ. సూరన్నది కిటికీ పక్కది. అంతకుముందు అందులో ఆయన తండ్రి నడిచాడు. తండ్రీ కొడుకుల అరికాళ్ళకి అరిగి అక్కడి గచ్చు అద్దంలా తేలింది. సూరన్నకి ఆస్తీ అదే, హోదా అదే. ఊళ్ళో ఎవరైనా కొత్తవాళ్ళకి ఆయన్ని చూపించేటప్పుడు ఇంటి పేరు చెప్పేవాళ్ళు కాదు, "కిటికీ నడవ సూరన్నగారండి" అనేవాళ్ళు.

ఒక ఏడు ఫ్యాక్టరీని లండన్ దొరల కంపెనీ ఒకటి కొంది. దొరలు రాలేదు. వాళ్ళ బదులు కల్యాణచక్రవర్తి గారు వచ్చారు. ఆయన హోదా కార్యస్థల భద్రతా ప్రమాద బాధ్యతా నిర్ధారణాధికారి. గది తలుపు మీద రాయిస్తే తలుపు చాలక సగం హోదా పక్క గోడ మీదికి పోయింది. తలుపు తీసినప్పుడల్లా ఆయన ఉద్యోగం రెండు ముక్కలయ్యేది. అంతకు ముందే కంపెనీవాళ్ళు ఆయన్ని లండన్ తీసుకెళ్ళి, పనివాడికి దెబ్బ తగిలితే ఇంగ్లీషు చట్టం ఏమంటుందో మూడు వారాలు చెప్పించి పంపారు.

వస్తూనే ఆయన షెడ్డంతా తిరిగి చూసి, ఒక్క హెచ్చరిక బోర్డు కూడా లేదని నొచ్చుకున్నారు. మర్నాడే ఇనప కాళ్ళున్న బోర్డు ఒకటి చేయించారు. దాని మీద ఎర్ర అక్షరాలతో "ముందు చూసి నడవండి" అని రాయించారు. అందరికీ కనపడాలంటే వెలుతురున్న చోట పెట్టాలి కదా, అందుకని కిటికీ పక్క నడవలో నడిమధ్యన నిలబెట్టించారు.

సూరన్న పొద్దున్నే వచ్చి, కొస తగిలించి, ఎప్పట్లాగే రాట్నం వైపు మొహం పెట్టి వెనక్కి బయలుదేరాడు. సగం దూరం పోయాక వీపుకి ఏదో తగిలింది. ఆ నడవలో వీపుకి ఏదైనా తగలడం ఆయన ఎరగడు. గోడే ఎదురొచ్చిందేమో అనుకునే లోపల ఆయన బోర్డు మీద పడ్డాడు, ఆ తరవాత బోర్డు ఆయన మీద పడింది. ఎడం కాలు మడమ దగ్గర విరిగింది. అయినా చేతిలో పురి వదల్లేదని చూసినవాళ్ళు చెబుతారు.

సూరన్న కట్టు కట్టించుకుని ఇంటికి చేరాక కల్యాణచక్రవర్తి గారు పరామర్శకి వచ్చారు. చేతిలో రెండు కొబ్బరి బొండాలు. కోనసీమలో ఒకరింటికి కొబ్బరి బొండాలు కొనుక్కుని వెళ్ళిన మొదటి మనిషి ఆయనే. సూరన్న భార్య సీతారత్నం వాటిని తీసుకెళ్ళి పెరట్లో ఉన్న కుప్పలో వేసి వచ్చింది.

అధికారి గారు కుర్చీలో సర్దుకుని, గొంతు సవరించుకున్నారు.

"సూరన్న గారూ, లండన్ విధానంలో తప్పును ఏ ఒక్కరి శిరస్సుపైనా ఏకమొత్తంగా మోపరు. పంచుతారు. మొత్తం తప్పు నూరు వంతులు. గమ్యం వైపు దృష్టి సారించక గమనం సాగించినందుకు గాను మీకు యాభై వంతులు. సదరు ఫలకాన్ని ప్రతిష్ఠించినందుకు గాను సంస్థకు యాభై వంతులు. ఇది తాత్కాలిక నిర్ధారణ మాత్రమే."

"ఆయ్. రాట్నం దగ్గర ఎనక్కే కదండీ నడిచేది?" అన్నాడు సూరన్న.

"అది మీ వాదన. నమోదు చేసుకుంటాం."

తరవాత ఆయన నియమాలు విడమరిచారు. ఇంగ్లీషు కోర్టులో పనివాడి తప్పు కూడా కొంత ఉందని తేలితే, న్యాయమనిపించినంత మేరకి నష్టపరిహారం తగ్గిస్తారట. ఆ మాట వరకు లండన్‌దే. దానికి కల్యాణచక్రవర్తి గారు సొంతంగా ఒక తోక తగిలించారు. తప్పు సగమైనా, సగం దాటినా ఆ మనిషిని ప్రమాదకారిగా గుర్తించి నడవ నుంచి తొలగిస్తారు. ఖర్చుల సంగతి వేరే. విచారణలో ఎవరు ఓడితే వాళ్ళే అందరి ఖర్చులూ పెట్టుకోవాలి.

అయితే అంతదూరం పోనక్కర్లేకుండా కంపెనీ ఒక ప్రతిపాదన చేస్తోందని చెప్పారు. అరవై వంతులు తప్పు నాదేనని సూరన్న సంతకం పెడితే చాలు. నడవ పోతుంది గానీ గేటు దగ్గర కుర్చీ వేసి, తాడు చుట్టలు లెక్కపెట్టే పని ఇస్తారు. ఒప్పుకోకుండా విచారణకి వెళ్ళి, అక్కడ అరవైకి తగ్గకపోతే ఖర్చులన్నీ సూరన్నవి. తగ్గితే కంపెనీవి.

సీతారత్నం గుమ్మంలో నిలబడి అంతా విన్నది. దెబ్బ తిన్న పనోడు ఓడిపోతే లండన్లో కూడా అవతలోళ్ళ ఖర్చులు వాడి చేతే కట్టిత్తారాండీ అని అడిగింది.

అధికారి గారు కాస్త తడబడ్డారు. ఆ విషయంలో పనివాళ్ళకి ఏదో రక్షణ ఉందన్నట్టు విన్నారట. కానీ ఆ పాఠం మధ్యాహ్నం పూట పెట్టారట. ఆ మధ్యాహ్నం వీళ్ళని పడవ మీద నది చూపించడానికి తీసుకెళ్ళారట.

సూరన్న కాలి కట్టు సర్దుకుంటూ, "కుర్చీలో కూచోడం నాకు రాదండి. నా నడవ నాకు ఉంచండి, సాలు" అన్నాడు.

దాంతో విచారణ ఖాయమైంది.

కల్యాణచక్రవర్తి గారికి ఇందులో సొంత పట్టుదల ఒకటుంది. ప్రమాదాల్లో తప్పు వంతు సున్నా ఉన్న ఫ్యాక్టరీకి లండన్ కంపెనీ ఏటా వెండి డాలు ఒకటి ఇస్తుంది. అది తన బల్ల మీద మెరవాలని ఆయన కోరిక. కంపెనీ నెత్తినున్న యాభై వంతులూ ఎవరెవరికి సర్దాలా అని ఆయన ఊళ్ళో వెతకడం మొదలుపెట్టారు.

మొదట దొరికినవాడు మేస్త్రి గంగరాజు. బోర్డుందిరోయ్ అని కేక వెయ్యనందుకు అతనికి ఐదు వంతులు. గంగరాజు ఆ కిటికీ నడవ తన బావమరిదికి ఇప్పించుకోవాలని అప్పటికే ఆశ పడుతున్నాడు. తన మీద తప్పు పడేసరికి బెంబేలెత్తి, సూరన్న నడుస్తూ నిద్రపోతాడన్న మాట అధికారి గారి చెవిలో వేశాడు.

ఆ తరవాత నివారణ చర్య మొదలైంది. ఇకమీదట ఎవరూ వెనక్కి నడవకూడదని ఉత్తర్వు వచ్చింది. తాడు పేనేవాళ్ళందరూ షెడ్డు చివర నిలబడి రాట్నం వైపు ముందుకి నడిచారు. వాళ్ళు నడిచిన కొద్దీ తాడు వదులై, మెలికలు పడి, వాళ్ళనే చుట్టుకుంది. సాయంత్రానికి పనివాళ్ళని విప్పడానికి వేరే పనివాళ్ళని పెట్టాల్సొచ్చింది. ఒకావిడ చిక్కుపడిన తాడుతోనే ఇంటికి పోతే, ఆవిడతో పాటు రాట్నం కూడా వీధి మలుపు దాకా వచ్చిందట. ఉత్పత్తి ఎందుకు పడిపోయిందని లండన్ అడిగింది. పడిపోలేదు, కార్మికుల ఒంటి మీద నిల్వ ఉందని అధికారి గారు రాశారు.

ఆ పైన ఉత్తర్వు కొంచెం సడలింది. వెనక్కి నడవచ్చు గానీ, వెనక్కి వెళ్ళే లారీకి ఏముంటుందో మనిషికీ అది ఉండాలి. ఒక్కొక్కరి భుజానికీ లారీ అద్దం కట్టారు. నడుముకి రివర్స్ హారన్ తగిలించారు. షెడ్డంతా ఒకటే పీపీ మోత. బయట రోడ్డు మీద నిజం లారీలు ఆగిపోయి, లోపల ఏదో పెద్ద బండి వెనక్కొస్తోందని దారి ఇచ్చేవి.

ఇంతలో సీతారత్నానికి కబురొచ్చింది. అధికారి గారు ఆమెని కూచోబెట్టి, ప్రమాదం నాటి పొద్దున ఇంట్లో ఏమైనా సంభాషణ జరిగిందా అని అడిగారు. జరగకేం, చేపల పులుసులో ఉప్పెక్కువైందని ఆయనా, ఆయన నాలికే మొద్దుబారిందని తానూ అనుకున్నామని చెప్పింది. తత్కారణంగా సదరు కార్మికుడు పరధ్యానానికి లోనయ్యాడని తేల్చి, ఆమెకి తొమ్మిది వంతులు వేశారు.

వేరే మనిషైతే ఏడ్చేది. సీతారత్నం ఒక్క క్షణం ఆలోచించి, ఈ తొమ్మిదీ ఎవరి వాటాలోంచి తీశారండీ అని అడిగింది. కంపెనీ వాటాలోంచి అన్నారాయన. అదెలా కుదురుతుంది, పరధ్యానం మా ఆయనది, ఆయన పరధ్యానం నావల్ల వచ్చింది, అంచేత ఆయన వాటాలోంచే తియ్యాలని ఆమె వాదించింది. కల్యాణచక్రవర్తి గారు ముచ్చటపడిపోయారు. తర్కం ఎవరి నోటినుంచి వచ్చినా ఆయన కాదనలేరు. సూరన్న తప్పు నలభై ఒకటికి దిగింది.

ఆ సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. గంగరాజు చెవిలో వేసిన నిద్ర సంగతి మొలకెత్తింది. నిద్రావస్థలో గమనం సాగించినందుకు అదనంగా పదిహేను వంతులు అన్నారు. కంపెనీ నెత్తిన ముప్పై మిగిలాయి, సూరన్నవి యాభై ఆరయ్యాయి. నడవ పోయినట్టే. గంగరాజు బావమరిది సాయంత్రం షెడ్డుకొచ్చి కిటికీ పక్కన రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడని కూడా తెలిసింది.

సీతారత్నం కొంగు బిగించింది. చేబదుళ్ళకి వెళ్ళినట్టు ఇల్లిల్లూ తిరిగి, మా ఆయన తప్పులో ఒక రెండొంతులు నీ పేర పెట్టుకోవా అన్నయ్యా, ఒక వంతు తీసుకోవా వదినా అని అడిగింది. జనం భయపడ్డారు. మంగలి వీరాస్వామి పాపం మంచివాడే. బియ్యం అడుగమ్మా ఇస్తాను, మంచం అడుగు ఇస్తాను, తప్పు మాత్రం నావల్ల కాదన్నాడు.

కథ మలుపు తిరిగింది కాంటీను బుల్లెబ్బాయి వల్ల. అతని ఉప్మా తిని ఒళ్ళు బరువెక్కడం కూడా ప్రమాదానికి ఒక కారణమని అధికారి గారు అతనికి రెండు వంతులు పంపారు. బుల్లెబ్బాయి గరిటె చేత్తో పట్టుకునే పోట్లాటకి వెళ్ళాడు. వెళ్ళినవాడు అరగంటకి నవ్వుకుంటూ తిరిగొచ్చి, ఆ సాయంత్రం కాంటీనులో అందరికీ చెప్పాడు.

"ఒరే, తప్పులో వంతున్నోడు కచ్చిదారుడంట. ఇచారణ జరిగినన్నాళ్ళూ కచ్చిదారుడికి కూలి రాసుకుంటారంట, ఆటో కిరాయి రాసుకుంటారంట, రెండు పూటలా టిఫినీ రాసుకుంటారంట. అన్నీ ఆకర్న ఓడిపోయినోడి నెత్తినేత్తారంట. నాకు రెండొంతులేం సరిపోద్దండీ, పన్నెండియ్యండని అడిగేసొచ్చాను."

మర్నాడు పొద్దున అధికారి గారి గది ముందు వరస కాలవ వంతెన దాటింది. అందరూ తప్పు చేసినవాళ్ళే. మంగలి వీరాస్వామి తానే ముందొచ్చి, సూరన్నకి తల వెనక జుట్టు దట్టంగా వదిలేశాననీ, అందుకే బోర్డు గాలి తగల్లేదనీ ఒప్పుకున్నాడు. మైకు సెట్టు దాలయ్య, ముందు రోజు పెళ్ళిలో పాటలేసి సూరన్నని నిద్రపోనివ్వకుండా చేసింది తానేనని, ఆ నిద్ర తాలూకు పదిహేను వంతులూ తనకే చెందాలని పట్టుబట్టాడు. పెళ్ళివారు ఊరుకుంటారా, మా పెళ్ళి లేకపోతే నీ మైకేదిరా అని సగం లాక్కున్నారు. రేవు దాటించే సరంగు, ఆ రోజు పడవ ఆలస్యం చేసి ఉంటే సూరన్న పనికి ఆలస్యంగా వచ్చి బతికిపోయేవాడనీ, వేళకి దాటించడమే తన నేరమనీ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఎవరిదో గేదె కూడా వచ్చింది. దాని పాలు తాగే సూరన్న కాళ్ళలో అంత ఊపొచ్చిందట. గేదె డెక్క ముద్ర వేయించుకుని దానికీ అర వంతు ఇచ్చారు.

కల్యాణచక్రవర్తి గారికి ఇదంతా పండగలా ఉంది. వచ్చినవాడికల్లా కంపెనీ ముప్పైలోంచి కొంచెం, సూరన్న యాభై ఆరులోంచి కొంచెం కోసి ఇస్తూ పోయారు. సగం సగం కొయ్యకపోతే పక్షపాతం అవుతుందని సీతారత్నం పక్కనే నిలబడి గుర్తుచేస్తూ ఉంది. కంపెనీ వాటా ముందు అయిపోతే, మిగతావన్నీ సూరన్న వాటాలోంచే పోతూ వచ్చాయి.

విచారణకి అంతమంది పట్టే చోటు షెడ్డు తప్ప ఇంకోటి లేదు. రాట్నాలు ఆపేసి బల్లలు వేశారు. ఒక్కొక్క కక్షిదారుడూ లేచి తన తప్పు తాను విడమరిచి చెప్పుకోవాలి. చెప్పినదాని మీద పక్కవాడు అభ్యంతరం చెప్పచ్చు. నా తప్పు పెద్దదంటే నా తప్పు పెద్దదని అన్నదమ్ములు మాటలు మానేసుకున్నారు. బుల్లెబ్బాయి పొద్దున ఇడ్లీ, సాయంత్రం గారెలు పెట్టి, కాంటీను వెనక కొత్త పొయ్యి కట్టించాడు. వానకి తడిసిన పీచు మీద మొక్కలు మొలిచాయి. సూరన్న కాలు అతుక్కుని, కట్టు విప్పించుకుని, కర్ర పట్టుకుని నడిచి, కర్ర కూడా అవతల పారేశాడు. అయినా విచారణ నడుస్తూనే ఉంది.

సూరన్నకి ఇడ్లీలు సయించలేదు. ఆయన రోజూ కిటికీ పక్కనే కూచునేవాడు. ఆ నునుపు గచ్చు మీద ఇప్పుడు నాలుగు బల్లలూ, ఒక గేదే ఉన్నాయి. ఎవరేం చెబుతున్నారో వినకుండా, చేతుల్లో లేని పీచుని వేళ్ళతో నలుపుతూ ఉండేవాడు. మరేం పరవాలేదని పక్కనుంచి సీతారత్నం అంటే, "నాకు తప్పు తగ్గక్కర్లేదే. నడవుంటే సాలు" అనేవాడు.

తీర్పు రోజున కల్యాణచక్రవర్తి గారు కొత్త కోటు వేసుకొచ్చారు. పొద్దెక్కే దాకా పేర్లే చదివారు. చివరికి గొంతు పెంచారు.

"తప్పులో సంస్థ వంతు సున్నా. సదరు కార్మికుడు దొమ్మేటి సూరన్న వంతు మూడు. మూడు అనునది సగానికి లోబడి యున్నందున, సదరు కార్మికుని నడవ సదరు కార్మికునికే కొనసాగించడమైనది."

సూరన్న లేచి, నడవలో ఉన్న బల్లల్ని ఒక్కొక్కటీ పక్కకి లాగడం మొదలుపెట్టాడు. గేదెని మాత్రం మర్యాదగా దాటించాడు.

అధికారి గారు సంస్థ నిష్కళంకంగా గెలిచిందని ప్రకటించి, ఇక ఓడినవారెవరో తేల్చి ఖర్చులు వేద్దామన్నారు. ఇన్నాళ్ళూ తిన్నవాళ్ళెవరికీ ఓడేది తామేనేమో అన్న ఆలోచన అప్పటిదాకా రాలేదు. గంగరాజు గోడవారగా గుమ్మం వైపు జరుగుతున్నాడు.

సీతారత్నం నిలబడింది.

"అరవై ఒప్పుకోమన్నారండి మీరు. మా ఆయన ఒప్పుకోలేదు. అరవైకి తగ్గితే కర్సులన్నీ కంపెనీవేనని మా ఇంట్లో కుర్చీలో కూచుని మీరే సెప్పారు. ఇప్పుడు మూడొచ్చింది కదండీ."

కల్యాణచక్రవర్తి గారు కళ్ళు మూసుకుని వేళ్ళ మీద ఏదో సరిచూసుకున్నారు. కళ్ళు తెరిచేసరికి ఆయన మొహం దీపంలా వెలుగుతోంది. తన నియమం తాను లేకపోయినా పనిచేస్తుందని ఆయనకి అప్పుడే తెలిసింది. సమస్త కక్షిదారుల సమస్త ఖర్చులూ సంస్థవే అని పెద్ద అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టారు. సంస్థ ఇచ్చే ఆ డబ్బుని కూడా తప్పు వంతుల ప్రకారమే కక్షిదారులకి పంచాలని, అడక్కుండానే ఇంకో వాక్యం చేర్చారు.

లండన్‌కి రెండూ కలిసి చేరాయి, తప్పు సున్నా అన్న మాటా, ఖర్చుల చిట్టా. మొదటిది చూసి దొరలు పొంగిపోయారు. వెండి డాలు పంపారు. ఇంత చక్కగా తప్పు పంచగలవాడు అక్కడ ఉండటం అన్యాయమని కల్యాణచక్రవర్తి గారిని లండన్ పిలిపించుకుని, పాఠాలు చెప్పే పనిలో పెట్టుకున్నారు. మధ్యాహ్నం పాఠాలు మాత్రం ఆయన చెప్పరట, నది మీదికి పడవలో వెళతారట. రెండోదాన్ని దొరలు రెండుసార్లు కూడి చూసుకున్నారు. ఉప్మాలూ, ఆటోలూ, కూలీలూ కలిపితే ఫ్యాక్టరీ ఖరీదు కన్నా నాలుగు కొబ్బరి తోటలు ఎక్కువ తేలింది. డబ్బు పంపడం కన్నా ఫ్యాక్టరీ వదిలెయ్యడమే లాభమని తేల్చుకుని, వంతుల ప్రకారం కక్షిదారులకే రాసిచ్చేశారు.

అలా ఎవడి తప్పెంతో వాడి ఫ్యాక్టరీ అంతయింది. బుల్లెబ్బాయికి పన్నెండు వంతులు కాబట్టి ఛైర్మన్ గారయ్యాడు. గేదె యజమాని తన అర వంతు కింద ఫ్యాక్టరీ తలుపు గడియ ఇమ్మని అడుగుతున్నాడు. ఐదు వంతుల గంగరాజు ఇంకో రెండు తప్పులు ఎక్కువ చేసి ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడుతుంటాడు. తప్పంతా ఊళ్ళోవాళ్ళకి పోగా మూడే మిగిలిన సూరన్నకి అన్నిటికన్నా చిన్న వాటాల్లో ఒకటి వచ్చింది. సీతారత్నం మటుకు తొమ్మిది వంతుల యజమానురాలు.

రాట్నాలు మళ్ళీ కదిలిన రోజున హారన్లూ అద్దాలూ లారీలవాళ్ళకి అమ్మేశారు. సూరన్న కిటికీ పక్కకొచ్చి, పీచు కట్ట చంకలో సర్దుకుని, కొస తగిలించాడు. అతుక్కున్న కాలు కొంచెం బిగుసుకుంది. మొదటి అడుగు వెనక్కి వేసి ఆగాడు. అంతకు ముందెప్పుడూ ఆ నడవలో ఆయన ఆగలేదు. వెనక ఏముందోనని తల తిప్పబోయాడు.

సీతారత్నం షెడ్డు ఆ చివర కొంగు దోపుకుని నిలబడి ఉంది. గచ్చు మీద ఎవరో వదిలేసిన తట్టని కాలితో పక్కకి నెట్టింది.

"నడవండి. ఎనకాల నేను చూత్తన్నాను," అంది. "పడితే ఈసారి నూరొంతులూ నావే."

సూరన్న తల తిప్పకుండానే నవ్వుకుని, పీచు అందిస్తూ ఆవిడ వైపు వెనక్కి నడిచాడు.